అక్కయ్య చెప్పబోయిన మాట

ఆ ఉదయం మేష్టారి పథకం చాలా చిన్నది. కూతురు గదిలో కూర్చుని కంప్యూటర్లో ఇచ్చే ఇంటర్వ్యూ అయ్యేదాకా ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు.

విదేశంలో మానవ హక్కుల కేసులు చూసే ఒక సంస్థ ఏటా లా విద్యార్థులను ఇంటర్న్‌షిప్‌కి పిలుస్తుంది. అందులో ఖైదీల విభాగం ఉంది, దాంట్లో ఒక్కటే చోటు ఉంది. విచారణ ఖైదీల తరఫున జీవితమంతా వాదించిన మేష్టారి భార్య, పోయే ముందు మంచంమీద పడుకునే ఆ విభాగం వివరాలు కూతురి చేత చదివించుకుంది. "నువ్వు దీంట్లోకే వెళ్లాలి" అంది. ఇంట్లో ఆవిడ చివరిగా చెప్పిన పెద్ద మాట అదే.

మేష్టారికి ఇంటర్వ్యూలు తెలియవు, పరీక్షలు తెలుసు. ఎన్నో ఏళ్లు పరీక్ష కేంద్రాలు నడిపిన మనిషి. అందుకని ఇంటిని పరీక్ష కేంద్రం చేసేశారు. నిన్నటి నుంచి వీధిలో గొయ్యి తవ్వుతున్న పనివాళ్లను బతిమాలి టీకి పంపారు. కాలింగ్ బెల్లు వైరు పీకారు. గడియారం ముల్లు పది మీదికి రాగానే కూతురి గదికి బయట నుంచి తాళం వేసి, తలుపు మీద రెండు బొంతలు వేలాడదీశారు. హక్కుల గురించి మాట్లాడబోయే పిల్లను గదిలో పెట్టి తాళం వేయడంలో ఆయనకు వింతేమీ తోచలేదు.

తర్వాత ఫోన్ల పని. తనది, కూతురు హాల్లో వదిలేసినది, కిటికీ గూట్లో నిలబెట్టి ఉన్న తన అక్కయ్య ఫోను, అన్నీ ఆపేసి స్టీలు డబ్బాలో వేసి మూత బిగించారు.

వంటింట్లోంచి అక్కయ్య పరుగున వచ్చింది. "ఒరేయ్, నా ఫోను ముట్టుకోకురా! దాని మీదే..."

"ష్! హాల్లో మాటల్లేవు అక్కయ్యా."

"అది కాదురా, పిల్ల..."

"పిల్ల కోసమేగా ఇదంతా! ఓ గంట ఫోను లేకపోతే నీ కొంపేం మునగదు."

అక్కయ్య డబ్బా వైపు చూపించింది, గది వైపు చూపించింది, గాల్లో వేళ్లతో ఏవేవో గీతలు గీసింది. పరీక్ష హాల్లో సైగలు చేసేవాళ్లను ఏం చేయాలో మేష్టారికి బాగా తెలుసు. ఆవిడను మెత్తగా భుజం పట్టుకుని వెనక గదిలోకి నడిపించి గొళ్లెం పెట్టారు.

ఇంతలో ధన్ ధన్‌మని చప్పుడు. మేష్టారు వంటింట్లోకి దూసుకెళ్లారు. కుళాయి బాగు చేయడానికి వచ్చిన ప్లంబరు గోడకానుకుని నిలబడి ఉన్నాడు.

"కొట్టొద్దన్నానా?"

"నేను కాదు సార్. కుళాయి ఊడదీసి గొట్టంలో గుడ్డ కుక్కానంతే. అది ఎక్కువసేపు..."

"తర్వాత చెబుదువుగాని. మధ్యాహ్నం రా."

"సార్, ఆ గుడ్డ..."

"రేపు రా!"

ప్లంబరు వెళ్లిపోయాడు. చప్పుడు మాత్రం ఆగలేదు, పైగా పెరిగింది. బొంతల వెనక నుంచి వస్తోందని అప్పుడు గ్రహించారు మేష్టారు. చెవి ఆనించి విన్నారు. మాటలు అందడం లేదు కానీ దెబ్బలు అందుతున్నాయి. ఆయన ముఖం విప్పారింది. భార్య కూడా అంతే. వాదన వేడెక్కితే అరచేత్తో బల్ల చరిచేది.

"అచ్చం వాళ్లమ్మే" అనుకుని, కండువాతో కళ్లు తుడుచుకుంటూ ఆ తలుపు ముందే కాపలా నిలబడ్డారు.

గంట గడిచాక తాళం తీశారు. కూతురు తలుపుకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"బాగా వాదించావురా తల్లీ!"

"ఎవరితో నాన్నా?" అంది ఆ పిల్ల నీరసంగా. "నిన్న వీధి తవ్వి మన నెట్ కేబుల్ తెంపేశారు. నా ఫోనుకి ఇక్కడ సిగ్నల్ రాదు. అత్త ఫోను నుంచి వచ్చే నెట్‌తోనే కంప్యూటర్లో మాట్లాడుతున్నాను. మొదటి ప్రశ్నకే అంతా ఆగిపోయింది."

మేష్టారు చేతిలోని తాళం పక్కన పెట్టారు. "ఏమడిగారు?" అన్నారు.

"నిర్బంధంలో ఉన్న మనిషికి ముందు ఏం కావాలని. చెప్పేది వినేవాళ్లు కావాలని అంటున్నాను. అంతే, తెర నల్లబడింది."

వెనక గది గొళ్లెం తీస్తే అక్కయ్య ఏమీ తిట్టలేదు. "ఆసుపత్రిలోనూ ఇంతే చేశావురా" అంది. "నీ భార్య ఏదో చెప్పబోతే, అలిసిపోతావు, మాట్లాడకు అన్నావు."

మేష్టారు తల ఊపారు. ఆ పూట ఆవిడకు కావాల్సింది విశ్రాంతే అనుకున్నారు. రేపు వినొచ్చులే అనుకున్నారు.

కూతురు జరిగింది జరిగినట్టు రాసి పంపింది. మధ్యాహ్నానికి జవాబొచ్చింది. ఖైదీల విభాగంలో చోటు వేరే విద్యార్థికి ఇచ్చేశారు. పాత కేసుల కాగితాలు సర్దే విభాగంలో ఒక ఖాళీ ఉంది, ఇష్టమైతే సాయంత్రం మాట్లాడమన్నారు.

"వెళతావా?" అడిగారు మేష్టారు.

"వెళతాను. అమ్మ చూపించిన తలుపు కాదు. కానీ అదే ఇల్లు కదా."

ఆ మాటకు ఏదో అనబోయి, ఈసారి తనంతట తానే ఆగిపోయారు.

సాయంత్రం బొంతల్లేవు, తాళాల్లేవు. అక్కయ్య ఫోను మళ్లీ కిటికీ గూట్లోకి ఎక్కింది. మేష్టారు ఎవరూ చెప్పకుండానే వెనక గదిలోకి వెళ్లి కూర్చున్నారు. అక్కయ్య మాత్రం ఏ సందేహానికీ తావివ్వకుండా గొళ్లెం పెట్టింది.

కాసేపటికి లోపల నుంచి తలుపు తట్టిన చప్పుడు.

"అక్కయ్యా, వంటింట్లో నీళ్ల చప్పుడు..."

"ష్! హాల్లో మాటల్లేవు."

"అది కాదే, ఆ గుడ్డ..."

"పిల్ల నవ్వుతూ మాట్లాడుతోందిరా. ఒప్పుకున్నట్టే ఉన్నారు. నువ్వు నోరెత్తావో, చూడు!"

మేష్టారు నోరెత్తలేదు. ఆయన చెప్పబోయిన మాట మరి కాసేపటికి వంటింటి గడప దాటి, హాల్లోకి దానంతటదే వచ్చింది.