హెల్మెట్లు పెట్టించిన పనసపొట్టు

కులాన్ని ఊరికే ఆడిపోసుకోకండి! రాజోలు జనం ఇవాళ బుద్ధిగా హెల్మెట్లు పెట్టుకుంటున్నారంటే అది కులం పుణ్యమే. చలాన్లు రాసి రాసి పోలీసులు అలిసిపోయారు గానీ వాళ్ళ వల్ల అయిందా? ఎలీసమ్మ పనసపొట్టు కూర వల్ల అయింది.

ఎలాగంటారా? ఎలీసమ్మ భర్త జీవరత్నం బస్టాండు దగ్గర కర్రీ పాయింట్ పెట్టాడు. వండేది ఆమె, అమ్మేది అతను. మన దగ్గర ఎవరూ మొహం మీద కులం అడగరు, మర్యాదస్తులం! "ఇంటిపేరేంటండీ? ఊళ్ళో ఎటువైపండీ?" అంటారు. కందిపచ్చడి కొనాలన్నా ఈపాటి ఇంటర్వ్యూ ఉండద్దూ?

జీవరత్నం భయస్తుడు. పూర్తి పేరు రాస్తే చర్చి గంట వినబడుతుందని, ముందు సగం మింగేసి 'రత్నం కర్రీ పాయింట్' అని బోర్డు పెట్టించాడు. పైగా అతని ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంది. ఇంకేం, నాలుగు కులాలవాళ్ళూ మావాడే అనుకుని ఎగబడ్డారు!

రిటైర్డ్ హెడ్ గుమాస్తా రామ్మూర్తి గారైతే, "పనసపొట్టుకి ఆవ ఇంత పద్ధతిగా పెట్టడం మనవాళ్ళకి తప్ప ఎవరికొస్తుందండీ రత్నం గారూ!" అని రోజూ మెచ్చుకునేవారు. జీవరత్నం "ఆయ్" అని తలూపేవాడు. లోపల గరిటె పట్టుకున్న ఎలీసమ్మకి ఒళ్ళు మండిపోయేది. చెయ్యి తనది, మెప్పు ఇంకెవరిదో.

ఓ రోజు ఆమే పెయింటర్ని పిలిపించింది. 'ఎలీసమ్మ కర్రీ పాయింట్' అని గజమెత్తు అక్షరాలు రాయించింది.

"కొంప ముంచేసేవే!" అన్నాడు జీవరత్నం.

"మునిగితే నా పేరుతోనే మునుగుదామండీ."

మర్నాటికల్లా అదే కూరలో ఉప్పెక్కువైంది, ఆవ చేదెక్కింది. వారంపాటు ఈగలు మాత్రమే ఇంటిపేరు అడక్కుండా వచ్చాయి. జీవరత్నం షట్టరు దించేద్దామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

ఎనిమిదో రోజున ఒక హెల్మెట్ వచ్చింది! అద్దం దించుకుని, గొంతు మార్చి, "పనసపొట్టు రెండు పేకెట్లు" అంది. మర్నాడు ఆరొచ్చాయి. ఇప్పుడు క్యూ నిండా హెల్మెట్లే. నాలుక ఊరుకోదు, మొహం కనబడకూడదు, మరేం చేస్తారు పాపం? రోడ్డు భద్రతకి ఇంతకన్నా సేవ ఇంకేముంటుంది?

నిన్న మిట్టమధ్యాహ్నం ఓ హెల్మెట్ నడుచుకుంటూ వచ్చి, చెమటలు కారుస్తూ కౌంటరు ముందు నిలబడింది. ఎలీసమ్మ పేకెట్లు చేతిలో పెట్టింది.

"ఆవ సరిపోయిందేమో చూసి చెప్పండి రామ్మూర్తి గారూ" అంది, వీధంతా వినబడేలా. "ఇంతకీ బండి ఎక్కడ పెట్టేరండీ?"