గుల్జార్ కారం ఆర్కుట్ దిగ్విజయం

ఘాటుకు అధిదేవతవైన తల్లీ, మా కంట నీరు తెప్పించుట నీకు కొత్త గాదు. ఈ కథ ముగియుదాక నవ్వు నాపుకొను శక్తిని మాత్రము ప్రసాదింపుము!

సర్వధారి నామ సంవత్సర వైశాఖ మాసమున, రోహిణి కార్తె రాకమునుపే రోళ్ళు పగులుచుండగా, సత్తెనపల్లి పట్టణమున ప్రతి మేడమీదను మిరపపండ్లు రక్తసముద్రములై ఆరుచుండగా, ఇల్లాండ్రందరు తుమ్ముచు తొడిమలు దీయుచు ఏడాది కారమునకు సన్నద్ధులగుచుండగా, మరవంశతిలకుడు, జల్లెడధారి, ఒకప్పుడు తెల్లనైన బనియనుచే విరాజితుడు, అబ్దుల్ ఖాదర్ అను మహావీరుడు తన కారం మరను గాలికి వదిలి, బస్టాండు ఎదుటి నెట్ సెంటర్‌లో మూడో నంబరు కంప్యూటరు ముందు ఆసీనుడై యుండెను.

ఈ వీరుడికి తెగులు పట్టింది మాఘమాసంలో. మరలో పట్టిన కారాన్ని చిన్న ప్యాకెట్లలో నింపి, భార్యామణి పేరిట 'గుల్జార్ కారం' అని అచ్చు వేయించాడు. సత్తెనపల్లిలో ప్యాకెట్ కారం అమ్మబోవడమంటే చీరాల నేతగాడికి చీర అమ్మబోవడమే. ఈ ఊరి ఆడది తన కాయ తాను ఎండబెట్టుకుని, మర పక్కనే నిలబడి, ఆఖరి చిటికెడు తన డబ్బాలో పడేదాకా రెప్ప వాల్చదు. మరి ప్యాకెట్లు ఎవరు కొంటారు? సరిగ్గా ఆ సమయంలోనే నెట్ సెంటర్ అధిపతి, గంటల లెక్కన జ్ఞానం అద్దెకిచ్చే నాగూర్ వలి, నెట్‌లో జనం గుంపులుగా కూడే ఆర్కుట్ అనే బ్రహ్మాస్త్రాన్ని ఉపదేశించాడు. అందులో ఒక కమ్యూనిటీ తెరిస్తే చాలు, ఢిల్లీ నుంచి దుబాయ్ దాకా కారం కోసం కొట్టుకుంటారన్నాడు. ఖాదర్ నమ్మాడు. నమ్మేవాడి చేతిలో మర ఉంటే చెప్పేవాడికి లోటేముంది?

కారం ఫోటో తీస్తే తెరమీద ఇటుకపొడిలా కనిపించింది. అసలు సిసలు కారం అలాగే ఉంటుందని ఖాదర్‌కు తెలుసు. తెలిసీ, ఎరుపు కాస్త పెంచమన్నాడు. నాగూర్ వలి పెంచాడు. ఇంకాస్త అన్నాడు. ఆరోసారికి ఆ కారం పెళ్ళికూతురి పారాణిని సిగ్గుపడేలా చేసింది. ఆ అరుణకాంతిపుంజానికి ఆకర్షితులై ఇరవైముగ్గురు సభ్యులు చేరారు. అందులో పందొమ్మండుగురు తమ సరుకు అమ్ముకోవడానికి వచ్చినవాళ్ళే.

ఇక్కడ మర దగ్గర గుల్జార్ బేగం ఒంటిచేత్తో కాయలు పోస్తూ, జల్లిస్తూ, తగువులు తీరుస్తూ, ఈ సీజన్‌లో ఎందుకో జనం పలచబడ్డారని గమనించింది. ఓపిక పట్టింది, పట్టింది, చివరికి మొగుడికి గడువు పెట్టింది. శుక్రవారం నమాజు వేళకు నెట్ చూసి ఒక్క మనిషైనా ఈ గుమ్మం ఎక్కాలి. లేకపోతే ఆ దుకాణం కట్టేసి వచ్చి మర ముందు స్టూలు మీద కూర్చోవాలి. స్టూలు ఖాదర్‌కు కొత్త కాదు. కానీ తన తెలివి మీద లోకంలో తనొక్కడికే ఉన్న నమ్మకం కూడా పోతుందే అని అతని బెంగ.

బుధవారం నాడు శత్రుబాణం తగిలింది. మహతి అనే ఇంజనీరింగ్ విద్యార్థిని, ఆ ఎరుపు మిరపకాయది కాదనీ, రంగు కలిపినట్టుందనీ ఆ కమ్యూనిటీలో అందరూ చదివేలా రాసింది. ఖాదర్ తన ఫోటోకన్నా ఎర్రబడ్డాడు. కుర్చీలోంచి లేచి, పక్క కంప్యూటర్లవాళ్ళు తలలు తిప్పగా, ఇలా గర్జించాడు:

"ఓ మహతీ! పల్నాటి మన్నునఁ బుట్టి, ప్రచండభానుకిరణములఁ గ్రాగి, నా మర దంష్ట్రల నడుమ నలిగి వెడలిన కారమును కల్తీ యందువా? రమ్ము! నా గుమ్మమున నిలిచి కన్నులారఁ గాంచుము, జిహ్వపై వైచికొనుము, ఆ కన్నీటితోడనే నీ పలుకును వెనుకకుఁ దీసికొనుము!"

ఇదంతా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే ఓపిక లేక నాగూర్ వలి 'వచ్చి చూసుకోండి' అని పంపాడు. శుక్రవారం వస్తామని జవాబు వచ్చింది.

శుక్రవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడిగి ఖాదర్ గుమ్మంలో నిలిచాడు. ఢిల్లీ నుంచో దుబాయ్ నుంచో కాదు, వెనకవీధిలోంచి మహతి వచ్చింది. వెంట సంచీనిండా మిరపకాయలతో ఆమె అమ్మమ్మ దుర్గాంబ, బడిపంతులు జానకిరామయ్యగారి భార్య. ఇరవై ఏళ్ళుగా వైశాఖంలో ఈ మరలో పడే మొదటి కారం ఆవిడదే. ఈ ఏడు రాలేదన్న సంగతి ఖాదర్ చూసుకోనేలేదు.

"మా పిల్ల నీ ఫోటో చూపించింది ఖాదరూ," అంది దుర్గాంబ. "అది చూశాక నీ మరకి రాబుద్ధి కాలేదు నాయనా. ఆ ఎరుపు ముగ్గుల్లో వేస్తారు గానీ కూరల్లో వెయ్యరు."

ఖాదర్ నోట ఒక్క సమాసమూ రాలేదు. గుల్జార్ బేగం గాజుగ్లాసుతో నీళ్ళు తెచ్చి, ప్యాకెట్ చించి చిటికెడు కారం పైన చల్లింది. రంగు కలిసిన కారమైతే ఎర్రటి దారాలు అడుగుకు దిగుతాయి. ఆ గ్లాసుడు నీళ్ళలో ఇరవై ఏళ్ళ పరువు తేలుతుందో మునుగుతుందో అని ఖాదర్ గ్లాసు మీదికి వంగాడు. కారం తేలింది. నీళ్ళు తేటగానే ఉన్నాయి. దుర్గాంబ చిటికెడు నాలుక మీద వేసుకుని, కళ్ళు తుడుచుకుంది.

"కారం మంచిదే. కల్తీ అంతా ఫోటోలోనే ఉంది."

ప్యాకెట్ మాత్రం కొనలేదు. తన కాయలు పోయించి, రెప్ప వాల్చకుండా పట్టించుకుని వెళ్ళింది. ఆవిడ మలుపు తిరగగానే వీరుడికి ప్రాణం లేచివచ్చింది. ఎంతైనా నెట్ చూసేగా వచ్చారు అన్నాడు.

"అవును, నెట్ చూసే మానేశారు, నెట్ చూసే వచ్చారు," అంది గుల్జార్ బేగం జల్లెడ దులుపుతూ. "గెలిచారు, కాదనను. ముందెళ్ళి ఆ ఫోటో తీసేసి రండి. ఇంకెంతమంది మానేశారో కనుక్కుని వాళ్ళనీ గెలవండి. మర నేను ఆడిస్తాను."

ఇట్లు మూడు మాసముల ఘోరసంగ్రామానంతరము, కీబోర్డులరిగి, ఎరుపులారి, జగదేకవీరుడగు అబ్దుల్ ఖాదర్, తనకు ఇరవై ఏండ్లుగా ఉన్న ఖాతాదారును తానే పోగొట్టుకొని తానే జయించెను. దుందుభులు మ్రోగుగాక! దుర్గాంబగారు ఇకమీదట ఎప్పటిలాగే వస్తారు.