నల్లా నీడన పొట్టోళ్ల రాజ్యం

నల్లా వేళకు రాకపోవడం మనిషికి దక్కిన మహాభాగ్యం! అవునండీ, మీరు సరిగ్గానే చదివారు. బంబైలో కామాటిపురా పదమూడో గల్లీలోని తెలుగు చాళీకి సాయంత్రం నాలుగింటికి రావలసిన నీళ్లు నాలుగింటికే వచ్చి ఉంటే ఏమయ్యేది? బిందెలు నిండేవి. ఎవరి ఖోలీలోకి వాళ్లు పోయి తలుపేసుకునేవాళ్లు. ఒక మహాసామ్రాజ్యం పుట్టకుండానే పోయేది!

అది ఎనభై నాలుగు ఎండాకాలం. చాళీలో నలభై ఖోలీలు, అంటే నలభై ఒంటిగది కాపురాలు; అన్నిటికీ ఒకటే నల్లా. వచ్చేది ఏ ఆరింటికో, ఉండేది అరగంట. ఈలోగా చాళీ ఆడవాళ్లు వ్యాయామం చేసేవారు. అంటే, జుట్లు పట్టుకునేవారు. ఆరోగ్యానికి ఇంతకన్నా ఏం కావాలి?

వరుసలో చిట్టచివరి బిందె ఎప్పుడూ సాయమ్మది. పాలమూరు నుంచి పెళ్లయిన ఏడాదే వచ్చి, ముప్పై ఏళ్లు బంబైలో ఇటుకలు మోసి, పరంజా మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్న మనిషి. ఆమె కుంటుకుంటూ వచ్చేసరికి ముందర ముప్పైతొమ్మిది బిందెలుండేవి. వంతు వచ్చేసరికి నల్లా రెండుసార్లు దగ్గి ఊరుకునేది. పెనిమిటి పోయాడు, పిల్లలు లేరు. ఒంటి మనిషికి సగం బిందె చాలదా? సాయమ్మ సర్దుకుంది.

ఒకరోజు రత్నాబాయి బిందెను అంజమ్మ పక్కకు జరిపింది. చూస్తుండగానే ఇద్దరి కొప్పులూ ఊడాయి. విడదీయబోయిన సాయమ్మ ఎవరి మోచేయో తగిలి గట్టు మీద చతికిలబడింది. ఏం చేయాలో తోచక గొంతెత్తింది.

“ఒక కొండల పొట్టోళ్ల రాజ్యముండె! ఎంత పొట్టోళ్లంటే, మేకనెక్కాలన్నా నిచ్చెన గావాలె!”

అంజమ్మ పిడికిట్లో రత్నాబాయి జుట్టు ఉన్నది ఉన్నట్టే ఉంది. “ఏ కొండల?” అంది.

“జుట్టిడిస్తే చెప్త.”

విడిచింది. రాజ్యం మొదలైంది.

కరువుకు ఊరొదిలిన ఏడుగురు పొట్టివాళ్లు ఒక బోడికొండను చేరారు. నీళ్ల కోసం తవ్వితే నీలిరాయి తగిలింది. ఇంకేం! తవ్వారు, చెక్కారు, కొండ కడుపులో కోట కట్టారు. వారం తిరిగేసరికి ఏడుగురు ఏడు వందలయ్యారు. నల్లా ఇంకో గంట ఆలస్యమై ఉంటే ఏడు వేలయ్యేవారే!

వాళ్ల రాజు పొట్టి మల్లరాజు. అందరికన్నా ఎత్తున కూర్చోవాలని ఆయనకు పట్టుదల. సింహాసనం ఎక్కడానికి ఒక పూట, దిగడానికి ఒక పూట పట్టేది. ఆయన తీర్పు చెప్పేలోగా వాదీ ప్రతివాదీ వియ్యంకులైపోయేవారు!

పొడుగు దేశాల రాజులు చుట్టపుచూపుగా వచ్చేవారు. వాళ్ల తలలకు తగలకుండా పొట్టోళ్లు తాటిచెట్టంత తలుపులు పెట్టారు, కప్పులు ఇంకా పైకి లేపారు. దీపాలు అందక తాము చీకట్లో తడుముకున్నా సరే, చుట్టం తలకు బొప్పి కట్టకూడదు కదా!

ఇక్కడ చాళీలో కొట్లాటలు ఆగిపోయాయి. ఫాక్‌లాండ్ రోడ్ అవతల నుంచి కూడా ఆడవాళ్లు ఉత్త బిందెలతో కథకు రాసాగారు. “కథ జెప్పే అవ్వ బిందె ఎనకుంటదా?” అంటూ రత్నాబాయే సాయమ్మ బిందెను ముందు పెట్టింది. నెల రోజులు నిండు బిందె! సాయమ్మ మూడింటికే మొహం కడుక్కుని, తల దువ్వుకుని సిద్ధంగా ఉండేది.

ఇంతలో ఉపద్రవం వచ్చిపడింది. ఒక మంగళవారం నల్లా సరిగ్గా నాలుగింటికి వచ్చింది.

కథలో మల్లరాజు సింహాసనపు నిచ్చెన మీద సగంలో ఉన్నాడు. “ఆగవే సచ్చినదానా!” అని అంజమ్మ నల్లాను తిట్టింది. తిడుతూనే బిందె పట్టింది. అందరూ ఎగబడ్డారు. ఆ తోపులాటలో సాయమ్మ బిందె దొర్లుకుంటూ గోడవారకు పోయింది. అరగంటలో గట్టు మీద ఆమె ఒక్కతే మిగిలింది.

మర్నాడూ నాలుగింటికే. ఆ మర్నాడూ అంతే. చూశారా, వేళకు నీళ్లు రావడం ఎంతటి అనర్థమో! సాయమ్మకు మళ్లీ సగం బిందె. ఆరోనాడు ఆమె గడప దాటలేదు. ‘వీళ్లు నా కోసం వచ్చారా, పొద్దుపోక వచ్చారా?’ అనుకుంటూ గోడకు తిరిగి పడుకుంది.

తలుపు తోసుకుని రత్నాబాయి వచ్చింది. చంకలో నిండు బిందె. దాన్ని దించి, “మల్లరాజు ఎక్కిండా, పడ్డడా? ఆయన సోయిల నా రొట్టెలు మాడుతున్నయి” అంది.

“నీళ్లొస్తున్నయి గద. ఇంక కథెందుకు?”

“అరె, నీళ్లు తాగుత. ఆయన్ని నిచ్చెన మీదనే ఇడిసిపెడ్తవా?”

ఆమె వెనక అంజమ్మ. అంజమ్మ వెనక వరండా నిండా జనం. అప్పుడే పని నుంచి వచ్చిన పక్క ఖోలీ మేస్త్రీ సైదులు కూడా కాళ్లకు సిమెంటుతోనే నిలబడ్డాడు. సాయమ్మ కళ్లు తుడుచుకుని లేచి కూర్చుంది.

“పొడుగోళ్లు కప్పులు జూసిండ్రు. తలుపులు జూసిండ్రు. మాకు సరిగ్గ సరిపోయింది, గింత ఎత్తు మీకెందుకన్నరు. పొట్టోళ్లను దీస్కపోయి, ఉలులు దాసుకునే బొక్కలల్ల పెట్టిండ్రు.”

“మరి మల్లరాజు?”

“పొడుగోళ్లకు నిచ్చెన పట్టే పని దొరికింది.”

జనం ఘొల్లున నవ్వారు. అంజమ్మ నవ్వలేదు. “కట్టింది వాళ్లే గద అవ్వా! ఎట్ల ఊకున్నరు?”

సైదులు గొంతు సవరించుకున్నాడు.

“మేం కట్టే బిల్డింగుల ఇరవై రెండు అంతస్తులు. ఇంక ఒక్కలు దిగలే. పైపులు కారుతున్నయా అని నల్లాలన్నీ పొద్దంత ఇడిసే పెడ్తున్నరు.”

“ఏ అంతస్తుల?” అంది అంజమ్మ.

“అన్నిట్ల.”

పాపం, ఇరవై రెండు అంతస్తుల్లో ఒక్క నల్లా కూడా ఆగదట! ఆ ఇళ్లలో దిగబోయే వాళ్లకు కథలెవరు చెబుతారు? జుట్లెవరు పట్టుకుంటారు? ఎంత దిక్కులేని బతుకు! అందులో కొంచెం దౌర్భాగ్యాన్ని తమ చాళీకి కూడా పంచి పెట్టమని ఆ సాయంత్రమే మునిసిపాలిటీకి అర్జీ రాయించారు. కింద మొదటి వేలిముద్ర సాయమ్మది. రెండోది ఎవరు వేయాలన్న దగ్గర రత్నాబాయికీ అంజమ్మకూ మళ్లీ కొప్పులు ఊడాయి.