మా పేట ఎక్స్ఛేంజి గడియారానికి జై!

గడియారం తప్పిన టెలిఫోన్ ఎక్స్ఛేంజిని మించిన లోకోపకారి మరొకటి లేదని నా గట్టి నమ్మకం! నవ్వకండి. కాస్త ఓపిగ్గా వినండి.

ఫోన్‌లో మన మాట సన్నసన్న ముక్కలుగా తెగి ప్రయాణం చేస్తుంది. ఇవతలి ఎక్స్ఛేంజి గడియారం, అవతలి ఎక్స్ఛేంజి గడియారం ఒకే నడక నడిస్తే ముక్కలన్నీ క్షేమంగా చేరతాయి. ఒకటి తొందరపడిందా, కొన్ని దారిలోనే గల్లంతు! మా పేట గడియారం ఈమధ్య మహా తొందరలో ఉంది. టక్కుమని ఓ చప్పుడు, సగం మాట మాయం.

ఎంత సుఖమో చెప్పలేను! మా మేనేజరు అరగంట చీవాట్లు పెడితే నా దాకా వచ్చేవి "రిపోర్టు... టక్... సిగ్గు... టక్". మధ్యలోవి మెచ్చుకోళ్లే అయ్యుంటాయని సర్దుకుపోతున్నాను. మా ఆవిడ "వచ్చేటప్పుడు" అని మొదలుపెట్టి "మర్చిపోకండి" అని ముగిస్తుంది. నడుమ ఉన్నది నెట్‌వర్కు మింగేస్తుంది. ఏం తేవాలో వినపడనివాడు మర్చిపోయాడని ఎవరనగలరు? మా బావమరిది ఫోన్‌లో పాటలు పాడతాడు. ఇన్నాళ్లకు అవి వినగలుగుతున్నాం! పేటలో పోట్లాటలు కూడా తగ్గాయి. తిట్టు పూర్తిగా చేరితేగా కోపం వచ్చేది?

ఒక్క మా అక్క విషయంలోనే చిన్న ఇబ్బంది. ఊరికి ఆ చివర ఉంటుంది. గొంతుకు ఆపరేషన్ అయింది. చాన్నాళ్ల మౌనం తర్వాత డాక్టరుగారు రోజుకు నాలుగు మాటలకు అనుమతిచ్చారు. ఆ నాలుగూ తమ్ముడికేనని నాకు ఫోన్ చేసింది. టక్! అందులో రెండు మాటల్ని నెట్‌వర్కు తినేసింది. మర్నాడూ అంతే. పోనీలెండి, పంచుకు తినడం మంచి అలవాటే కదా!

ఇంత మేలు చేస్తున్న మహానుభావులకు దండం పెట్టుకుందామని ఎక్స్ఛేంజికి వెళ్లాను. చల్లటి గది, బీరువాలంత యంత్రాలు, వాటినిండా పచ్చదీపాలు. ఇంజనీరు మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు.

"మా గడియారానికి వంక పెట్టలేరు సార్. పక్కపేట ఎక్స్ఛేంజిని చూసి నడుపుతున్నాం. తేడా సున్నా!"

"మరి పక్కపేట వాళ్లు ఎవర్ని చూస్తారు?"

"మమ్మల్నేనండీ!"

రోడ్డు తవ్వకాల్లో హెడాఫీసు పెద్ద గడియారం నుంచి వచ్చే కేబుల్ తెగిందట. తెగితే పక్క ఎక్స్ఛేంజిని అనుసరించమని రూలు. ఇద్దరూ పొల్లుపోకుండా పాటించారు! ఒకర్ని చూసి ఒకరు, చేయీ చేయీ పట్టుకుని, ఊరందర్నీ వెనక వదిలేసి పరుగో పరుగు.

"ఆ కేబుల్ అతికించేదెప్పుడు బాబూ?"

"అలారం మోగాలి కదండీ. మా రెండు గడియారాలకూ తేడా లేనిదే ఎలా మోగుతుంది?"

బయటికొచ్చి, బస్సెక్కి అక్కింటికి వెళ్లాను. తలుపు తీసింది. చిక్కిపోయింది. మెడకు కట్టు. నన్ను ఎగాదిగా చూసి, బొంగురు గొంతుతో అంది:

"ఫోన్ చేస్తే సరిపోయేదిగా, వెధవా!"

ఆ రోజు కోటా అయిపోయింది. ఒక్క ముక్క రాలలేదు. అంత తియ్యటి తిట్టు నేనెన్నడూ తినలేదు. గుమ్మంలోనే ఏడ్చేశాను.

కాబట్టి ఇంజనీరుగారూ, మీ రెండు గడియారాల అన్యోన్యానికి నేనేమీ అడ్డురాను. నిక్షేపంగా పరిగెత్తించండి. మా అక్క మాటలు కొన్ని మీ దగ్గర రాలిపడ్డాయి, అవి మాత్రం వెతికించి పంపండి. రోజంతా నోరు కట్టుకుని, నా కోసం దాచినవవి.