చిన్న సిర్రాకు ఇవ్వాల్సిన చెయ్యి

ఆ ఉదయం సిర్రా దిబ్బా వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లారేసరికి వేరుశెనగలు దంచి పులుసు పొయ్యి మీద పెట్టాలి. అతిథికి కడుపునిండా పెట్టాలి. పది గంటల వ్యాను రాకముందే, తీరిగ్గా, ఎడమ చెయ్యి అందించి సాగనంపాలి. ఆ తర్వాత తోటకు పోయి ఉల్లినారుకు నీళ్ళు పొయ్యాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో మా ఊళ్ళో ఎవరికీ తోచి ఉండదు.

అతిథి పేరు మారికె. హాలండ్ నుంచి వచ్చిన పంతులమ్మ. పల్లె బతుకు చూస్తామని వచ్చేవాళ్ళను ఇళ్ళల్లో ఉంచుకునే పద్ధతి మా ఊళ్ళో మొదలయ్యాక, సిర్రా ఇంట దిగిన మొదటి మనిషి. వచ్చిన రోజే సిర్రా ఆమెకు తన పేరు పెట్టేసింది. ఆనాటి నుంచి ఊరందరికీ ఆమె చిన్న సిర్రా. మంచి పిల్ల, పనిమంతురాలు. ఒక్కటే లోపం, ఎడమచేతి వాటం. అందరూ చుట్టూ కూర్చుని తినే పళ్ళెంలోకి ఆ చెయ్యి వచ్చినప్పుడల్లా సిర్రా దాని మీద ఒకటి వేసేది. "ఆ చెయ్యి కాదే తల్లీ!" ఎన్నిసార్లు చెప్పినా లాభం లేక, తన పాత కట్టుగుడ్డ చింపి, గుర్తుండడానికి ఆ మణికట్టుకు ఎర్రపీలిక కట్టింది. ఇద్దరికీ కలిసిన మాటలు పాతికకు మించవు. అయినా ఎడమ చెయ్యి చాపడమంటే మొహాన ఉమ్మేసినట్టేనని మూడు వారాల్లో చిన్న సిర్రాకు బాగా ఒంటబట్టింది.

దూరం వెళ్ళేవాళ్ళకు మాత్రం మాలో ఎడమ చెయ్యే ఇస్తారు. చెయ్యకూడని పని కావాలని చేసి పంపిస్తే, దాన్ని సరిదిద్దుకోవడానికైనా మనిషి తిరిగి వస్తాడని. మూడేళ్ళ కిందట సిర్రా భర్త దెంబో నది దాటి పెద్దాసుపత్రికి బయల్దేరినప్పుడు ఆమె చేతుల నిండా సబ్బు నురగ. వెళ్ళొస్తానంటే తలూపింది. అతను రాలేదు. రోగమే తీసుకుపోయిందని అందరికీ తెలుసు, సిర్రాకూ తెలుసు. కానీ చేతులు కడుక్కోవడానికి ఎంతసేపు పట్టేదన్న బాధ ఆమెను ఇప్పటికీ వదల్లేదు.

అందుకే ఈసారి ఆఖరి నిమిషం దాకా ఆగలేదు. పిల్ల తినడం అవగానే ఎదురుగా నిలబడి ఎడమ చెయ్యి చాపింది. చాపగానే ఏడుపు ముంచుకొచ్చి మొహం పక్కకు తిప్పుకుంది. చిన్న సిర్రా చూసినది ఇంతే: ఎడమ చెయ్యి, పెడమొహం. పీలిక కట్టిన తన చేతిని గబుక్కున వీపు వెనక దాచేసుకుంది.

సిర్రా చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. "మళ్ళీ రాదన్నమాట," అని తనలో తాను అనుకుని, వంటపాకలోకి వెళ్ళి గిన్నెల మీద కోపం చూపించడం మొదలుపెట్టింది.

చిన్న సిర్రా రోడ్డు మీదికి పరుగెత్తింది. అక్కడ వ్యాను కోసం సాంకుంగ్ కాచుకుని ఉన్నాడు. దెంబోకు వరసకు తమ్ముడు. ఇంగ్లీషు వచ్చినవాడు కనుక అతిథుల వ్యవహారమంతా అతనిదే. అందుకోసం పట్నంలో మూడు రోజుల శిక్షణ కూడా పొందాడు. ఆ మూడు రోజులూ ఊరికి ఇంకా గుర్తుచేస్తూనే ఉన్నాడు.

"నావల్ల పెద్ద తప్పు జరిగింది. నిన్న ఆవిడ సొరబుర్ర పగలగొట్టాను. అప్పుడు నవ్వేసింది. ఇవాళ నా మొహం కూడా చూడటం లేదు," అంది. ఎడమ చెయ్యి సంగతి చెప్పడానికి మాత్రం ఆమెకు నోరు రాలేదు. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

"సొరబుర్రేనా! మీరేం కంగారుపడకండి మేడమ్. దీనికో పద్ధతుంది. శిక్షణలో రెండో రోజు చెప్పారు," అన్నాడు సాంకుంగ్.

పద్ధతి అంటే కోలా కాయలు, మాలో వక్కల్లా నమిలే చేదు కాయలు. పెద్దమనిషి చేత పంపితే ఎంత కోపమైనా చల్లారుతుంది. సాంకుంగ్ ఇంటికెళ్ళి, శుక్రవారం నమాజుకు వేసుకునే పెద్ద అంగీ తొడుక్కుని, పది కాయలు ఆకులో చుట్టుకుని, అతిథిని వెంటబెట్టుకుని బయల్దేరాడు. మాలో పెళ్ళి అడగడానికీ అవే కాయలని, తను భార్య పోయినవాడినని, పోయినేడే ఈ వదిన తనను గుమ్మంలోంచి తరిమిందని ఆ హడావుడిలో అతనికి గుర్తు రాలేదు.

బావి దగ్గరున్న తీదా అవ్వకు వెంటనే గుర్తొచ్చింది. "చూశారటే! సాంకుంగ్ శుక్రవారం అంగీ తొడిగాడు. ఇవాళ మంగళవారం!"

"చేతిలో కోలా కూడానే అవ్వా!"

"సాక్షికి తెల్లపిల్లను తెచ్చుకున్నాడు, గడుసువాడు. సిర్రా దిగొచ్చిందమ్మా, పదండి!"

బావి దగ్గరి ఆడవాళ్ళంతా బిందెలు బోర్లించి వాయిస్తూ వెనకే వచ్చారు. నిమిషాల్లో వాకిలి నిండిపోయింది. ఇమాం గారు కూడా వచ్చారు. సిర్రా రోకలితో బయటికొచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏడవాలి. పెళ్ళికూతురన్నాక ఏడవాలి," అని తీదా అవ్వ కాయలు లాక్కుని, చీల్చి అందరికీ పంచేసింది. కోలా నమిలితే పెళ్ళికి ఒప్పుకున్నట్టే.

"ఏంటి మరిదీ ఇది? పోయినేడు చెప్పింది చాల్లేదా?"

"ఇవి నావి కావు వదినా! ఆ పిల్లవి!"

"నిన్ను చేసుకోమని ఆ పిల్ల అడుగుతోందా నన్ను?"

"అది కాదు, సొరబుర్ర..."

"నీ తలకాయే సొరబుర్ర!" అని సిర్రా జనం వైపు తిరిగి రోకలెత్తింది. "ఉమ్మండి! నమిలినవాళ్ళంతా ఇప్పుడే ఉమ్మండి!"

"నేను మింగేశానమ్మా," అన్నారు ఇమాం గారు హుందాగా.

అంతలో రోడ్డు మీద వ్యాను హారన్ మోగింది. క్షమాపణ కూడా బెడిసికొట్టిందనుకుని చిన్న సిర్రా వాకిట్లోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. సిర్రా చూడలేకపోయింది. రాకపోతే పోయింది, ఏడుస్తూ మాత్రం వెళ్ళకూడదనుకుంది. రోకలి పడేసి, పిల్లను లేపి, కొంగుతో మొహం తుడిచి, గౌరవంగా, గట్టిగా కుడి చెయ్యి పట్టుకుని ఊపింది. చిన్న సిర్రా మొహం వెలిగిపోయింది. కావలించుకుని, సంచీ అందుకుని పరుగెత్తింది.

వ్యాను ఎక్కుతూ సాంకుంగ్‌తో అంది. "పొద్దున ఎడమ చెయ్యి చాపింది, తెలుసా? చచ్చిపోయాననుకున్నా. ఇప్పుడు కుడి చెయ్యి ఇచ్చింది. ఇంక బాకీ ఏమీ లేదు!"

సాంకుంగ్‌కు విషయం అర్థమై నోరు తెరిచేసరికి వ్యాను కదిలింది. అంగీ ఎత్తిపట్టుకుని, అరుస్తూ వెంటపడ్డాడు. ఇంజను మోతలో ఒక్క ముక్కా చేరలేదు. ఎంత మర్యాదగా సాగనంపుతున్నాడో అనుకుని చిన్న సిర్రా కిటికీలోంచి చెయ్యి ఊపింది. తొందరలో ఊపింది కనుక అది ఎడమ చెయ్యే. పీలిక ఇంకా దాని మీదే ఉంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ సిర్రా అది చూసింది. ఈసారి కసరలేదు. సాంకుంగ్ ఒగరుస్తూ వచ్చి జరిగిందంతా చెప్పాక చాలాసేపు తన కుడి చేతినే చూసుకుంది.

"వద్దనలేదన్నమాట. భయపడింది," అంది. "నేనే కదరా దానికి ఆ భయం నేర్పాను. మళ్ళీ నేనే, సరిదిద్దుకోవడానికి తిరిగి రావాల్సిన లోటేదీ మిగల్చకుండా పంపేశాను."

ఆమె ఆ రోజు తోటకు వెళ్ళలేదు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక ఇమాం గారిని ఆపి ఒకటే అడుగుతుంది, చేతికి చెయ్యి తగలకుండా కిటికీలోంచి ఊపిన ఎడమ చెయ్యి చెల్లుతుందా అని.

కోలా మింగేసినంత సులువు కాదు కనుక ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు.