వెనక తలుపు తాళం

పొద్దున్నే గిన్నెలు తోముతూనే ఆమె గట్టిగా అనుకుంది: ఇవాళ వెనక తలుపు సంగతి మేనేజరుకు చెప్పేయాలి. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమెది ఇస్త్రీ పని. పనివాళ్లు మాటిమాటికీ బయటికి పోతున్నారని మేనేజరు ఇస్త్రీ గది వెనక తలుపుకు తాళం వేయించాడు. చుట్టూ బట్టల గుట్టలు, మధ్యలో కాలే ఇస్త్రీపెట్టెలు. నిప్పంటుకుంటే ఎటు పోతారు? తలుచుకుంటేనే ఆమెకు ముద్ద దిగడం లేదు. అయినదానికీ కానిదానికీ గుండె పట్టుకుంటుందని అక్కడ ఆమెను "అమ్మో అక్క" అంటారు.

"ఉన్న ఉద్యోగం ఊడుతుందేమోనే!" అంది కూతురితో.

"ముందు నాలుగు మంచి మాటలు చెప్పమ్మా. మెత్తబడ్డాక అసలు సంగతి ఎత్తు."

మేనేజరు గది ముందుకు వెళ్లి ఆగిపోయింది. అక్కడికక్కడే పొమ్మంటే? సంచీ కోసమైనా మళ్లీ లోపలికి రానివ్వకపోతే? వెనక్కి వెళ్లి, టిఫిను డబ్బా సంచీలో సర్దుకుని, భుజాన వేసుకుని మరీ వచ్చింది.

గుండీలు కుట్టే ఆవిడ, అందరూ వదినా అని పిలిచే మనిషి, అది చూసింది. పనివేళలో సంచీతో ఆ గదికి వెళ్లేది ఉద్యోగం పోయినవాళ్లే.

"అమ్మో అక్కనే తీసేస్తున్నారే! రేపు మన వంతే!"

కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

లోపల ఆమె కళ్లు మూసుకుని అప్పజెప్పింది. "సార్, ఇన్నేళ్లూ మమ్మల్ని కడుపులో పెట్టుకుని చూశారు. మీ మేలు మరిచిపోను."

మేనేజరు సంచీకేసి చూశాడు. "మానేస్తున్నావా? రేపు సరుకు పంపాలమ్మా!"

"అయ్యో, అది కాదు సార్..."

అంతలో అద్దం తలుపు అవతల, ఆమెను తీసేస్తే మేమూ ఉండమన్నట్టు పనివాళ్లంతా సంచీలతో వరసకట్టి నిలబడ్డారు, ముందు గుండీల వదిన. మేనేజరు ముఖం పాలిపోయింది.

"అందరూనా? నా ఉద్యోగం పోతుంది తల్లీ! ఏం కావాలో చెప్పు!"

ఆమె వేలితో అతని నడుముకు వేలాడే తాళంచెవుల గుత్తిని చూపించింది. "వెనక తలుపుది, సార్. నిప్పంటుకుంటే..."

"ఇంతేనా! దీనికి ఇంతమందిని వెంటేసుకు రావాలా?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. "అమ్మో! వీళ్లెందుకొచ్చారు?"

మేనేజరు తానే పరుగున వెళ్లి తాళం తీసి, చెవి ఆమె చేతిలో పెట్టాడు. చల్లగాలి గదంతా నిండింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె బార్లా తెరిచిన తలుపునే చూస్తూ, వదిన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వదినా, ఇట్లా తీసి ఉంచితే దొంగలొస్తేనో?"

మేనేజరు తర్వాత ఆ తలుపు మూయించాలని చూసిన మనిషి ఆమే.