సగం క్లోమం, సంపూర్ణ పరామర్శ

రోగిని బతికించేది డాక్టరు కాదు, పరామర్శకు వచ్చేవాళ్ళు! కత్తి పట్టుకున్నవాడికి పేరొస్తోంది, పండ్ల సంచి పట్టుకుని వచ్చినవాడి ఊసు ఎవరూ ఎత్తడం లేదు. ఈ అన్యాయాన్ని ఖండించడానికే ఇవాళ కలం పట్టాను.

ఉదాహరణకి ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, మా బావ ఉన్నాడు. ఆయనది అద్దాల షాపు. కిటికీకైనా బీరువాకైనా కొలిచి, కోసి, బిగించి ఇస్తాడు. అలాంటి మనిషిని ఈసారి డాక్టర్లు కొలిచి కోశారు. పొట్ట వెనకాల నక్కి ఉండే క్లోమంలో, అదే ప్యాంక్రియాస్‌లో, ఏదో గడ్డ కనిపించిందట. తోక వైపు సగం తీసేసి, ఆ ముక్కని పరీక్షకి పంపారు. అది మంచి గడ్డో చెడ్డ గడ్డో రిపోర్టు వస్తేగానీ తెలియదన్నారు.

బావని ఇంటికి తెచ్చారు. అక్కణ్ణించి మా వైద్యం మొదలైంది.

వాళ్ళ ఫ్లాటు ఐదో అంతస్తులో. మా అక్క ఆ అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శి, లిఫ్టుతో సహా అన్నీ ఆవిడే చూసుకుంటుంది. ఆ లిఫ్టు పుణ్యమా అని రోగి దగ్గర కుర్చీ ఖాళీ ఉండేది కాదు. క్లోమం ఎక్కడుంటుందో తెలియనివాళ్ళు కూడా దాని మీద గంటసేపు మాట్లాడి వెళ్ళారు. ఇంతటి విజ్ఞానం ఏ కాలేజీలో దొరుకుతుంది చెప్పండి?

షాపు పక్కనున్న టైర్ల వ్యాపారి, తన తోడల్లుడికి అచ్చం ఇదే ఆపరేషన్ అయిందని ధైర్యం చెప్పాడు. గుచ్చి గుచ్చి అడిగితే అది మోకాలని తేలింది. అయితేనేం? కోత కోతే కదా!

బావ మేనత్త ఫోన్లో వీడియో పెట్టింది. అందులో ఒకాయన ఆకుల రసం తాగితే తీసేసిన క్లోమం మళ్ళీ మొలుస్తుందంటున్నాడు. మళ్ళీ మొలిచేదాన్ని తీయడానికి అంత పెద్ద ఆస్పత్రి ఎందుకని ఆవిడ నిలదీస్తే, గదిలో సగంమంది ఆ వీడియోని తమ ఫోన్లలోకి పంపించుకున్నారు.

రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన జోకుల మీద జోకులు వేశాడు. నవ్వితే కుట్లు లాగుతాయి. అందుకని బావ దిండుని పొట్టకి గట్టిగా అదుముకుని నవ్వేవాడు, నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళు. అంత ఆనందం ఆ మనిషి మొహంలో నేనెన్నడూ చూడలేదు.

ఇక తిండి. కొంచెం కొంచెంగా తినాలట. తిన్నప్పుడల్లా అరుగుదలకి క్యాప్సూల్ వేసుకోవాలి, వేలు గుచ్చి షుగర్ చూసుకోవాలి. అలాంటి ఇంటికి స్వీట్ల డబ్బాలు ఒకటే రావడం! ఆయన వాటిని చూసి బాధపడకూడదని, ఆయన ఎదురుగానే కూర్చుని మేమే కష్టపడి ఖాళీ చేశాం.

అటూ ఇటూ నడవమన్నారు డాక్టర్లు. హాలు నిండా మా మోకాళ్ళే. బావ, కోత దగ్గర నీరు పోవడానికి పొట్టకి పెట్టిన డ్రెయిన్ ట్యూబు ఒక చేత్తో, దిండు ఇంకో చేత్తో పట్టుకుని, పక్కకి ఒదుగుతూ బాల్కనీ చేరేవాడు. కాళ్ళు తీసి దారివ్వాలని మాకూ ఉండేది, కానీ మాటల్లో పడి గుర్తుండేది కాదు.

వీటన్నిటికన్నా గొప్ప మందు నాది. ఆ మందు పేరు ‘ఏం కాదు’. బావ అప్పుడప్పుడు, "అది కాదురా, ఒకవేళ ఆ రిపోర్టులో..." అని మొదలుపెట్టేవాడు. "ఏం కాదు బావా" అనేవాణ్ణి. టక్కున నోరు మూసేవాడు. ఇంత త్వరగా పనిచేసే మందు ఏ కంపెనీ తయారుచేసింది?

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం లిఫ్టు ఆగిపోయింది. మిగతావాళ్ళు కిందనుంచే దండం పెట్టి వెళ్ళిపోయారు. నేను అలాంటివాణ్ణి కాదు. బొజ్జ మోసుకుంటూ ఐదు అంతస్తులూ ఎక్కి, మంచం పక్క కుర్చీలో కూలబడ్డాను. నోరు తెరిచాను గానీ ఆయాసంతో మాట రాలేదు.

గదిలో అక్క, బావ, నేను. బావ నా మొహంలోకి చూశాడు, ‘ఏం కాదు’ వస్తుందని కాబోలు. రాలేదు. దాంతో ఆయనే మాట్లాడాడు.

"అద్దం కోశాక మిగిలిన ముక్కని వెలుతురుకి పట్టి చూస్తానురా. పగులుంటే కనిపిస్తుంది. నాలో మిగిలిన ముక్కని ఎవరు పట్టి చూస్తారు?"

అక్క ఆయన చెయ్యి పట్టుకుంది.

"భయంగా ఉందా?"

"ఉంది."

"నాకూ ఉంది. నీకు తెలియకూడదని వంటింట్లో ఏడుస్తున్నాను."

ఇద్దరూ కాసేపు ఏడ్చారు. ఈసారి బావకి దిండు గుర్తే రాలేదు. తర్వాత ఆకలేస్తోందన్నాడు. బతిమాలించుకోకుండా తినడం ఇంటికొచ్చాక అదే మొదలు. ఈలోగా నా ఆయాసం తీరింది, ‘ఏం కాదు’ నాలుక చివరిదాకా వచ్చేసింది. అక్క నా వైపు ఒక్క చూపు చూసింది. మింగేశాను. చాలా చేదుగా ఉంది.

వెళ్తూ, లిఫ్టుకి తెలిసిన మెకానిక్‌ని పంపిస్తానని అక్కకి మాటిచ్చాను.

"అక్కర్లేదు. స్విచ్ నేనే ఆపాను, కింది ఫ్లాట్లవాళ్ళకి చెప్పే ఆపాను" అంది. "నువ్వు మెట్లెక్కి మరీ వస్తావనుకోలేదు."

రిపోర్టు వచ్చింది. ప్రమాదకరమైన గడ్డ కాదట. నేను ముందే చెప్పలేదా అని టైర్ల వ్యాపారి మీసం తిప్పుతున్నాడు. ఆకుల రసం చూపించిన వీడియో మహిమేనని మేనత్త వాదిస్తోంది. బావ మాత్రం బాల్కనీ దాకా తిన్నగా నడుస్తున్నాడు.

విచారకరమైన విషయమేమిటంటే, మధ్యాహ్నం పూట ఆ లిఫ్టు ఇప్పటికీ పనిచేయడం లేదు. ఆ సంగతి చెప్పడానికి కింద కుర్చీ వేసుకుని నేనే కూర్చుంటున్నాను. పరామర్శ మానుకోమని నేననను, నా సిద్ధాంతం నాదే. తప్పకుండా రండి. మెట్లెక్కండి. పైకి చేరాక కాసేపు మీకు మాట రాదు. ఆ కాసేపట్లో ఆయనకి వస్తుంది.